ఎంగిలి ఊపిరి

పోయిన వారం జగ్గమ్మను మనం పురిటిగదిలోనే వదిలేసి వచ్చాం. కోడలు లక్ష్మణమ్మ కన్న మగబిడ్డ ఏడవలేదు, కదలలేదు, ఒళ్ళంతా నేరేడుపండు రంగు. మాయ పడేదాకా బిడ్డను ముట్టుకోకూడదని మంత్రసాని అసిరమ్మ చేతులు కట్టుకుని కూచుంది. మాయ పడ్డాక దాన్ని పెనం మీద వెచ్చచేస్తే, ఆ వేడికి బొడ్డుతాడు గుండా ప్రాణం బిడ్డలోకి పాకుతుందని ఆవిడ నమ్మకం. ఆవిడ చేతుల మీద పుట్టిన రేగులవలస ఊరి నమ్మకమూ అదే. సరిగ్గా అప్పుడు, జగ్గమ్మ బండి పంపి పిలిపించిన నర్సు కాంతం గదిలో అడుగుపెట్టింది. వస్తూనే బొడ్డు కోసింది. రబ్బరుగొట్టంతో బిడ్డ గొంతులోని జిగురు లాగేసింది. ఆ తరవాత బిడ్డ నోటినీ ముక్కునూ కలిపి తన నోటితో మూసి ఊపిరి ఊదింది. కాసేపటికి బిడ్డ ఏడ్చాడు.

ఇంతవరకూ ఊరందరికీ తెలుసు. తెలియని ముక్క ఒకటుంది. అది తెలిసినవాళ్ళు ఆ గదిలో ఉన్న ఆడవాళ్ళే.

కాంతం ఊదుతూండగానే లక్ష్మణమ్మకు నెత్తురు ఆగకుండా పోవడం మొదలైంది. తల్లిని చూస్తే బిడ్డ పోతాడు, బిడ్డను చూస్తే తల్లి పోతుంది. కాంతం తలెత్తి జగ్గమ్మను చూసి, "అమ్మా, ఇటు రండి. నేను చేసినట్టే చెయ్యండి. పొయ్యి ఊదినట్టు గట్టిగా కాదు. బుగ్గల్లో గాలి చాలు" అంది. జగ్గమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ నర్సు నోరు తీసిన చోటే తన నోరు పెట్టింది. బిడ్డ ఏడ్చింది కాంతం నోటి కింద కాదు, జగ్గమ్మ నోటి కింద.

ఆలోచన తరవాత వచ్చింది, భయం దాని వెనకాలే వచ్చింది. కాంతం బాప్టిస్టు మిషను వాళ్ళ పిల్ల. వాళ్ళ తాత ఏ పేటలో పుట్టాడో, ఏ పని చేసేవాడో ఊళ్ళో అందరికీ తెలుసు. జగ్గమ్మది తరాల నాటి రైతు కుటుంబం. పేటవాళ్ళ చేతి నీళ్ళే పుచ్చుకోని ఇంట్లో, ఏకంగా ఎంగిలి. "ఈ మాట గడప దాటితే అసిరితల్లి మీద ఒట్టు" అని జగ్గమ్మ అసిరమ్మ చేత ప్రమాణం చేయించుకుంది. అసిరమ్మ ఒట్టు నిలబెట్టుకుంది. కాని కాంతం సంగతి మీద ఒట్టు లేదుగా. మర్నాడే అసిరమ్మ బావి దగ్గర, నర్సమ్మ ఊదిన వింతంతా కళ్ళకు కట్టినట్టు చెప్పేసింది.

ఇవాళ పురుడు, మైల తీరే రోజు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. పురుడు రోజున బిడ్డకు తలంటి, కొత్త చేటలో బియ్యం పోసి, దాని మీద మెత్తటి పాత చీర పరిచి, బిడ్డను పడుకోబెట్టి వీధరుగు మీద పెడతారు. ఇంటిపెద్ద వంగి బిడ్డను ఎత్తుకోవాలి. ఎత్తుకుంటే బిడ్డ ఆ ఇంటివాడు. అంతవరకూ వట్టి చుట్టమే.

ఇంటిపెద్ద నరసింగరావు, జగ్గమ్మకు బావగారు, పోయిన పెనిమిటికి అన్న. తమ్ముడు పోయినప్పటి నుంచీ మరదలి సంసారం ఆయన చెయ్యి కిందే నడుస్తోంది. పిల్లలు లేరు, భార్య లేదు. ఆవిడ పోయిన ఏడే ఆయన పొయ్యి చల్లారిపోయింది. పూటపూటా జగ్గమ్మ వండిందే తింటాడు. పురిటి మైల వంశమంతటికీ ఒకటే కాబట్టి ఈ రోజుల్లోనూ ఆ ఏర్పాటు మారలేదు. మనిషి చెడ్డవాడని అనడానికి వీల్లేదు. ఒంటి మీద పొందూరు ఖద్దరు తప్ప కట్టడు, నరసన్నపేటలో సభ జరిగితే వేదిక ఎక్కి మనుషులంతా ఒకటే అని చెమటలు కారేలా మాట్లాడతాడు. మాట్లాడి ఇంటికొచ్చి స్నానం చేస్తాడు.

ఆయన చేట వైపు చూడలేదు. అరుగు మీద ఓ చివర కూచుని, వాకిట్లో నిలబడ్డ కాంతాన్ని చూస్తున్నాడు. బిడ్డ ఎలా ఉన్నాడో చూసిపోదామని వచ్చిన పిల్ల ఇలా దొరికిపోయింది. కులంలో పెద్దమనుషులు నలుగురూ అరుగు మీద చేరారు. ఆడవాళ్ళు గోడ వారన. జగ్గమ్మ తలుపు చాటున. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆవిడ బావగారి ఎదుట నిలబడి మాట్లాడింది లేదు. చెప్పేదేదైనా తలుపు చెక్కతో చెప్పేది, ఆయన వినేవాడు.

"ఒసే నర్సమ్మా, ఇలగ రా. నలుగురి ముందూ అడుగుతన్నాను, నలుగురి ముందే సెప్పు. మా గుంటడి నోట్లో నీ నోరు పెట్టినావా లేదా?"

"పెట్టాను బాబూ."

"ఏటికి?"

"ఊపిరి లేకపోతే పెట్టాను."

"ఊపిరి లేదనీసి నీకెవులు సెప్పినారు?"

కాంతం చేతిసంచీ భుజం మీద సర్దుకుంది. ఊళ్ళో ఆ పిల్లకు అంతవరకూ ఉన్న పేరు ఎర్ర ముక్కోణం నర్సు. గోడల మీద బొమ్మలు అంటించి, పిల్లలు చాలు అని చెప్పడానికి వస్తుందని మగాళ్ళు వెనకాల నవ్వేవారు. ఎదుట మాత్రం ఎవరూ నవ్వలేదు. చూపు తిన్నగా ఉండే పిల్ల.

"ఒకరు చెప్పాలా బాబూ? బిడ్డ పడగానే ఐదు సంగతులు చూడాలి. ఆసుపత్రిలో మాకు అన్నిటికన్నా ముందు నేర్పేది అదే. గుండె కొట్టుకుంటోందా, ఊపిరి తీస్తున్నాడా, కాళ్ళూ చేతులూ ముడుచుకుంటున్నాడా, ముక్కులో గొట్టం పెడితే మొహం చిట్లిస్తున్నాడా, ఒంటి రంగు ఎలా ఉంది. ఒక్కోదానికి రెండేసి మార్కులు. బాగున్న బిడ్డకి ఎనిమిదో తొమ్మిదో పడతాయి. మీ మనవడికి పడింది ఒక్కటి. గుండె ఒక్కటే కొట్టుకుంటోంది, అదీ ఆగి ఆగి. మిగతా నాలుగింటికీ సున్నా."

"పుట్టీ పుట్టకుండానే పరీక్షేటి" అని గోడ వారన ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. తలుపు చాటున జగ్గమ్మకు నవ్వు రాలేదు. ఆ ఆగి ఆగి కొట్టుకునే గుండె ఆవిడ వేళ్ళకు ఇంకా గుర్తుంది.

నరసింగరావు నవ్వనిచ్చి, తరవాత అందుకున్నాడు. కోర్టుల చుట్టూ తిరిగిన మనిషి, మాటను ఎక్కడ పట్టుకోవాలో తెలుసు.

"ఒక మార్కు పడ్డాదని నువ్వే అన్నావు. అంటే గుంటడు బతికే ఉన్నాడు. బతికున్నోడికి నీ నోరెందుకు? కాసేపు ఆగితే ఆడే ఏడుసును. అసిరమ్మ మాయ ఎచ్చబెట్టును. అంతవరకూ ఆగకండా ఎంగిలి సేసినావంటే, కావాలనే సేసినావు. మా ఇంటి బిడ్డని మీలో కలిపీసుకోడానికి సేసినావు."

పెద్దమనుషులు తలలూపారు. వాళ్ళకు ఆ లెక్క నచ్చింది.

కాంతం మొహం ఎర్రబడింది. గొంతు మాత్రం పెరగలేదు. "ఊపిరి అందని గుండె ఎంతసేపు కొట్టుకుంటుంది బాబూ? ఆ ఒక్క మార్కూ పోయి సున్నా అయ్యేదాకా కాచుక్కూచుని, అప్పుడు ముట్టుకోవాలా? అప్పుడు ముట్టుకుంటే ఏం లాభం? బిడ్డ ఏడ్చాక మళ్ళీ చూశాను. ఏడు పడ్డాయి. అరికాళ్ళు ఒక్కటే నల్లగా ఉన్నాయి, మిగతా ఒళ్ళంతా ఎర్రబడింది. మీ మనవడు మొదటిసారి తప్పాడు, రెండోసారి పాసయ్యాడు. మీరు ఆ సంతోషం పడకుండా నా నోరు ఎక్కడ పెట్టానని అడుగుతున్నారు."

"అసిరమ్మా, నువ్వు సెప్పు. గుంటడు అప్పుడెలగున్నాడు?"

అసిరమ్మ ముసలిది. ఆ అరుగు మీద ఉన్న మగాళ్ళలో సగం మందిని మొదట పట్టుకున్నవి ఆవిడ చేతులే. నిజం చెబితే తన మంత్రసానితనం ఏమవుతుందో ఆవిడకు తెలుసు. నోరు కాసేపు ఆడించింది.

"నాకేటి తెలుస్తాది బాబూ మార్కులూ అయ్యీ. నా కళ్ళకి మాత్రం గుంటడు పోనాడనే ఆనింది. మాయ కోసం కూకున్నాను. మాయ పడేసరికి ఆడు ఉండునో ఊడునో, ఆ తల్లికే తెలియాల."

చేటలో బిడ్డ మేలుకున్నాడు. మొదట మూలిగి, తరవాత గొంతు విప్పాడు. పుట్టినప్పుడు ఏడవనివాడు ఇప్పుడు బాకీ తీర్చుకుంటున్నట్టు ఏడ్చాడు. ఎవరూ ఎత్తుకోకూడదు. ఇంటిపెద్ద ఎత్తుకోవాలి. కాంతం చెయ్యి దానంతటదే చేట వైపు వెళ్ళింది.

"ముట్టుకోకు" అన్నాడు నరసింగరావు. కాంతం చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. "ఒక్క సంగతి సెప్పు. ఆ గదిలో ఇంకెవులైనా అలగ ఊదినారా? లేకపోతే నువ్వొక్కత్తివేనా?"

జగ్గమ్మ తలుపు చెక్కను గట్టిగా పట్టుకుంది. కాంతం ఒక్కసారి తలుపు వైపు చూసింది, మరుక్షణం చూపు తిప్పుకుంది.

"నేనొక్కదాన్నే" అంది.

అబద్ధం. ఆ పిల్ల తన కోసం ఆడిన అబద్ధం. జగ్గమ్మ పేరు చెబితే ఆ పిల్ల మీది బరువు సగం దిగిపోయేది. ఇంటి ఆడది కూడా ఊదిందంటే కావాలని కలుపుకున్నారన్న మాట నిలబడదు. అయినా చెప్పలేదు. ఒట్టు పెట్టినవాళ్ళు లేరు, బతిమాలినవాళ్ళు లేరు. జగ్గమ్మకు సిగ్గేసింది. మొగుడు పోయిన నాడు కూడా ఆవిడ అంత చిన్నబోలేదు.

నరసింగరావు లేచి నిలబడి కండువా దులుపుకున్నాడు. "అయితే పెద్దమనుసులారా, నా మాట ఇదీ. ఈ గుంటడ్ని నాను ఎత్తుకోను. ఎంగిలి పడ్డ బిడ్డ మా వంశంలో లేడు. ఆల్ల మిసనులో తల్లీదండ్రీ లేని పిల్లల్ని పెంచే ఇల్లున్నాది. ఈ నర్సమ్మే అట్టుకెళ్ళి అక్కడ అప్పజెప్పీమనండి. లచ్చణమ్మ వయసులో ఉన్నాది, మరో బిడ్డని కంటాది. గుంటడి తండ్రి సినబాబుకి సాలూరు కబురెట్టినాను, ఆడికి నాను సెప్పుకుంటాను."

లోపలి గదిలోంచి లక్ష్మణమ్మ పడుతూ లేస్తూ వచ్చి జగ్గమ్మ కొంగు పట్టుకుంది. తలంటు నీళ్ళు ఇంకా జుట్టులోంచి కారుతున్నాయి. "అత్తా, ఆడితోపాటే నానూ ఎల్లిపోతాను. నన్ను ఆపకు" అంది.

వాకిట్లో కాంతం అంటోంది. "బాబూ, మీరు ఎత్తుకోకపోతే మానండి. నేను చేసింది తప్పని మాత్రం నా చేత అనిపించలేరు. రేపు ఈ ఇంట్లోనే ఇంకో బిడ్డ అలా పడితే మళ్ళీ వస్తాను, మళ్ళీ అదే చేస్తాను. మీరు గుమ్మంలో కర్ర పట్టుకు నిలబడ్డా సరే."

మనవడి కోసం జగ్గమ్మ మొక్కని దేవత లేదు. అలాంటి మనవడు బియ్యం మీద పడుకుని గుక్క పెడుతున్నాడు. పుట్టెడు భయంతో ఇన్నాళ్ళూ తలుపు చాటున బతికిన ఆడదానికి ఒక్కసారిగా మహా కోపం వచ్చింది. బావగారి మీద కొంత. పెద్దమనుషుల మీద కొంత. ఎక్కువ భాగం తన మీదే.

"ఉండవే" అని కోడలి చెయ్యి కొంగు నుంచి విడిపించుకుని, గడప దాటి అరుగు మీదికొచ్చింది. నెత్తి మీది కొంగు జారితే సర్దుకోలేదు. బావగారి మొహం వైపు సూటిగా చూసింది. ఆయన మొహం అంత దగ్గరగా చూడడం ఆవిడకు అదే మొదటిసారి. ముసలివాడైపోయాడే అనుకుంది.

"బావా, నర్సమ్మ అబద్దం ఆడతన్నాది."

నరసింగరావు కళ్ళు మెరిశాయి. మరదలు గడప దాటినందుకు కోప్పడాలో, తన పక్షాన మాట్లాడుతున్నందుకు మెచ్చుకోవాలో ఆయనకు తోచలేదు. "సెప్పు జగ్గమ్మా, భయపడకు. గదిలో ఏటి జరిగినాదో సెప్పు" అన్నాడు.

"ఆయమ్మ ఒక్కత్తే ఊదలేదు. లచ్చణమ్మకి నెత్తురు పోతంటే ఆయమ్మ అటు ఎల్లినాది. అప్పుడు నానే ఊదినాను. ఆయమ్మ మూతి పెట్టిన సోటే నానూ మూతి పెట్టినాను. గుంటడు ఏడిసింది నా నోటి కిందే. ఆయమ్మ ఎంగిలి గుంటడికెంత అంటినాదో నాకూ అంతే అంటినాది."

బిడ్డ ఒక్కడే ఏడుస్తున్నాడు. కాంతం "వద్దమ్మా" అనబోయి ఆగిపోయింది.

"ఆ మర్నాడు పొద్దున్న నీకు తరవాణి ఎవులు పోసినారు బావా? నాను. ఈ సేత్తో. మద్దాన్నం పప్పు కలిపి పెట్టింది నాను. ఆరోజు నుంచి నేటిదాకా నీ కడుపులో పడ్డ పతీ మెతుకూ నాను వొండిందే. నిన్న రేతిరి కందగడ్డ కూర బాగున్నాది, ఇంకో గంటెడు ఎయ్యమన్నావు. ఏసినాను, తిన్నావు. నీకేటైనా అయ్యిందేటి?"

గోడ వారన ఓ ముసలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నరసింగరావు చెయ్యి తెలియకుండానే పొట్ట మీదికి వెళ్ళింది. పెద్దమనుషుల్లో ఒకాయన అరుగు మీద కొంచెం ఎడంగా జరిగి కూచున్నాడు. ఆ జరగడం నరసింగరావు చూశాడు. తన పక్కనుంచి ఒక మనిషి ఎడంగా జరగడమంటే ఎలా ఉంటుందో ఆయనకు ఆ వయసులో తెలిసింది.

"ఎంగిలి పడ్డోల్లందరూ ఇల్లొదిలి ఎల్లాలంటే ముందు నాను ఎల్తాను. నా ఎనకాల నువ్వు రావాల. అందరం కలిసి ఆ మిసను ఇంటికే పోదాం పద. లేదూ, నీ కడుపులోది ఎంగిలి కాదంటావా, అప్పుడు నా మనవడి నోట్లోదీ కాదు. రెండిట్లో ఏదో ఒకటి నలుగురి ముందూ సెప్పు."

నరసింగరావు గొంతు తగ్గిపోయింది. ఆ గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువుంది. "ఎందుకు సెప్పినావు జగ్గమ్మా? నువ్వు నోరు మెదపకపోతే గుట్టుగా పోయీది కదా."

"పోయీది గుట్టు కాదు బావా. నా మనవడు."

అని చేట దగ్గరకు వెళ్ళింది. వంగింది. పెద్దమనుషుల్లోంచి "ఆడది ఎత్తకూడదు" అన్న మాట వినిపించింది. జగ్గమ్మ వంగిన మనిషి వంగినట్టే తల తిప్పి, "ఇంటిపెద్దే ఎత్తాల కదేటి. నాను ఎత్తుతన్నాను. ఎవులు ఎత్తితే ఆల్లే ఈ ఇంటికి పెద్ద" అని బిడ్డను రెండు చేతులతో తీసి భుజానికి వేసుకుంది. నాలుగు బియ్యపు గింజలు బిడ్డ వీపుకు అంటుకుని వచ్చాయి. వాడు రెండుసార్లు వెక్కి ఊరుకున్నాడు. లక్ష్మణమ్మ గడప దగ్గర కూలబడి ఏడ్చింది.

నరసింగరావు మెట్లు దిగాడు. "సరే. నేటి నుంచి నీ పొయ్యి ఏరు, నా పొయ్యి ఏరు" అన్నాడు.

"నీకు పొయ్యెక్కడున్నాది బావా" అంది జగ్గమ్మ. వెక్కిరింపుగా అనాలనుకుంది గాని, అనేసరికి జాలి కూడా కలిసింది. ఆయనకు అదే ఎక్కువ గుచ్చుకుంది. వెనక్కి తిరక్కుండా వీధి మొగకు నడిచాడు.

అప్పుడే వీధి మొగలో లారీ హారను మోగింది. రాయపూర్ దాకా లారీ తోలి తిరిగొచ్చి, సాలూరులో కబురందుకుని, సరుకు దింపకుండానే వచ్చేసినట్టున్నాడు చినబాబు. లారీ మీద టార్పాలిన్ కూడా విప్పలేదు. తలుపు తీసుకుని దిగిన కొడుకు వైపు జగ్గమ్మ రెండు మెట్లు దిగింది. ఆవిడ కన్నా ముందు నరసింగరావు అతని దగ్గరకు చేరాడు. భుజం మీద చెయ్యి వేసి, పక్కకు తీసుకెళ్ళి, తలవంచి ఏదో చెప్పాడు. చినబాబు వింటున్నాడు. చిన్నప్పటి నుంచీ పెదనాన్న మాటకు ఎదురు చెప్పినవాడు కాదు. తండ్రి పోయాక చదువు చెప్పించింది ఆయన, లారీ పని నేర్చుకోవడానికి సాలూరు పంపింది ఆయన.

చినబాబు వచ్చాడు. పెళ్ళాం వైపు చూడలేదు. కాంతం వైపు ఒక్క చూపు చూశాడు, అందులో ఏముందో ఎవరికీ అంతుపట్టలేదు. అరుగు కింద నిలబడి, దుమ్ము కొట్టుకున్న రెండు చేతులూ తల్లి వైపు చాచాడు. వెనకాల లారీ ఇంజను ఇంకా ఆగలేదు.

"అమ్మా, గుంటడ్ని ఇలగియ్యి."

బిడ్డ పుట్టాక తండ్రి వాణ్ణి చూడడం ఇదే మొదటిసారి. ఏ తల్లయినా మనవణ్ణి కొడుకు చేతుల్లో పెట్టి కళ్ళు తుడుచుకోవలసిన సమయం. జగ్గమ్మ చేతులు బిడ్డ చుట్టూ ఇంకా బిగుసుకున్నాయి. ఒక్క మెట్టు పైకి, వెనక్కి వేసింది.

"నువ్వు నా కడుపున పుట్టినోడివే గానీ, ముందు ఆ ఇంజను కట్టీ" అంది. "కట్టీసి, ఈడ్ని ఎక్కడికి తీసుకెల్తావో నా కళ్ళలోకి సూసి సెప్పు. అప్పుడిస్తానో ఇవ్వనో నాను సెప్తాను."

చినబాబు చాచిన చేతులు దించలేదు. ఇంజనూ కట్టలేదు.